తిరగేసిన అచ్చు

పదకొండేళ్ళుగా ఆటోనగర్లో
పొట్లాలకు చొక్కాలు కుట్టే పని నాది.
మిషను మీద ప్లేటు ఎక్కిస్తాను.
దాని మీద అక్షరాలన్నీ వెనక్కి తిరిగి ఉంటాయి,
అలిగి గోడవైపు పడుకున్న పిల్లల్లా.
నాకు వాటి వీపులే తెలుసు.
రంగు జారిందా, గీత చెదిరిందా, అంతవరకే చూపు.
ఏం మాట్లాడుతున్నాయో ఎన్నడూ అడగలేదు.

ముందువైపు మామిడిపండు
నాలుగు రంగుల్లో నిగనిగలాడాలి.
వెనకవైపు ఏముందంటే
చీమల బారు ఉన్నట్టుండాలి, అంతే.
"ఇంకాస్త సన్నం అవుద్దా, రొంగలీ?"
అనేవాడు సూపర్వైజరు.
చేసేవాణ్ణి. అదే నా పనితనం.
ఓసారి ఐదొందలు చేతిలో పెట్టాడు కూడా.

మొన్న వానల్లో, కంచరపాలెంలో కరెంటు పోయిన సాయంత్రం
మా చిన్నది తన్మయి
తాత గడియారాలు బాగుచేసిన భూతద్దం కంటికి తగిలించుకుని
టార్చి వెలుగులో పొట్లం వెనక్కి తిప్పింది.
"నాన్నా, ఇందులో మామిడిపండు ఎక్కడ?"

కూడబలుక్కుని చదివింది.
నోరు తిరగని పేర్లు కొన్ని,
ఖైదీల్లా నంబర్లు తగిలించుకున్న రంగులు కొన్ని,
పాడవకుండా కాపలా కాసేవి కొన్ని.
మామిడిపండు లేదు.
దాని వాసన మాత్రం ఉంది,
అదీ ఎక్కడో తయారైన వాసన.

నా అక్షరాలే.
మొదటిసారి నావైపు మొహం తిప్పాయి.

సుగుణ ఏమీ అనలేదు.
అటక మీది స్టీలు కేను దింపి
చింతపండుతో చాలాసేపు తోమింది.
ఆ తోమిన చప్పుడే నాకు చెప్పాల్సింది చెప్పింది.

మర్నాడు జ్ఞానాపురం టిఫిను బండి దగ్గర
సలసల కాగే సాంబారు పల్చటి కవర్లోకి ఒంపబోతుంటే
కేను అడ్డం పెట్టాను.
"పాలు పితకడానికొచ్చావేటి బావూ!"
నవ్వాడు బండి సన్నాసి.
వారం తిరిగేసరికి నా వెనక ఇంకో రెండు కేనులు.
పదిరోజులకు మళ్ళీ నేనొక్కణ్ణే.

చెప్పుకోడానికి పెద్దగా ఏమీ మారలేదు.
ఐస్‌క్రీం డబ్బాల్లో వేడన్నం సర్దడం మానేశాం,
ఒక దాంట్లో మేకులు, ఒక దాంట్లో కొత్తిమీర మొలకలు.
మర్రిపాలెం రైతుబజార్లో చోళ్ళు కొని మర పట్టించాం.
అంబలి చూసి చిన్నది మూతి మూడు వంకర్లు తిప్పింది.
బెల్లం వేస్తే రెండు వంకర్లు.
అదీ నల్లబెల్లమే.
"మెరిసేదాన్ని నమ్మకండ్రా" అంటుంది
అనకాపల్లి మేనత్త,
ఆవిడ మాత్రం మెరిసే చీరే కట్టుకుంటుంది.

బీచికి వెళ్తే మురీ మిక్చరు గిన్నెలోనే.
పాత పేపరు పొట్లం వద్దంటాను.
అచ్చురంగు సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు,
నా గోళ్ళలోంచి ఎన్ని సబ్బులకూ పోలేదు.

మా వల్ల కానివీ ఉన్నాయి.
హార్బరు వైపు గాలి మళ్ళిన రోజు
కిటికీ గట్టు మీద నల్లటి పొడి వాలుతుంది.
తన్మయి వేలితో అద్దుకుని అటూ ఇటూ తిప్పుతుంది.
దానికి వెనకవైపు లేదు, చదవడానికి.
పుట్టినరోజులకు ఆ మామిడిపండు పొట్లమే
ఎవరో ఒకరు తెస్తారు. తింటుంది.
సగం తిని, సగం నాకు పెడుతుంది.
ఏమనను? తింటాను.

నిన్న కొత్త ఆర్డరొచ్చింది. స్ట్రాబెర్రీ ఈసారి.
సూపర్వైజరు ప్లేటు మీదికి వంగి
"వెనకవైపు ఇంకాస్త సన్నం అవుద్దా?" అన్నాడు.

మిషను ఆపి, చేతులు గుడ్డకి తుడుచుకుని
"అవ్వదండీ" అన్నాను.
"ఇంతకన్నా సన్నమైతే అక్షరం విరిగిపోద్ది."

అవుద్ది.
విరగదు.